రంగుల బొమ్మను నమ్మే ముందు
(ఫైనైట్ ఎలిమెంట్ ప్రాజెక్టులు చేసే విద్యార్థులకు కొన్ని సూచనలు)



మన ట్రస్టుకు వచ్చే స్కాలర్‌షిప్ దరఖాస్తులతో పాటు చివరి సంవత్సరం ఇంజనీరింగ్ పిల్లలు తమ ప్రాజెక్టు రిపోర్టు నకలు కూడా జతచేస్తుంటారు. బళ్లారి, హోసూరు, షోలాపూర్, బరంపురం, యానాం, ఎక్కడి నుంచి వచ్చినా మెకానికల్, సివిల్ పిల్లల రిపోర్టుల్లో ఒక బొమ్మ మాత్రం తప్పక కనిపిస్తుంది. ఏదో ఒక బ్రాకెట్టో, దూలమో, ఛాసిస్సో, దాని మీద నీలం, పచ్చ, పసుపు, ఎరుపు రంగులు. పక్కనే ఒక రంగుల పట్టీ. కింద "గరిష్ఠ స్ట్రెస్ ఇంత, కాబట్టి డిజైన్ సురక్షితం" అని ఒక వాక్యం. అంతటితో రిపోర్టు ముగుస్తుంది.

నేను బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. దరఖాస్తుల పరిశీలనలో నా వంతు మొదట్లో ఫీజు రసీదులు, ఆదాయ ధ్రువపత్రాలు చూడటం వరకే. అయితే ఎవరైనా ఒక అంకె చూపించి "ఇది సరైనది" అంటే, "ఎలా సరిచూశారు?" అని అడగటం మా వృత్తిలో అలవాటు. ఇంటర్వ్యూలో పిల్లల్ని అదే అడిగాను. చాలామంది "సాఫ్ట్‌వేర్ ఇచ్చింది అంకుల్" అన్నారు. ఆ జవాబుతో కంపెనీ ఇంటర్వ్యూలో గట్టెక్కడం కష్టం కదా అనిపించి, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఒకటి ఇంట్లో కంప్యూటర్లో వేయించుకుని, పిల్లల్నే గురువులుగా పెట్టుకుని రెండేళ్లు కూర్చున్నాను. అందులో తెలుసుకున్న విషయాలు ఇక్కడ రాస్తున్నాను. సిద్ధాంతం మీ లెక్చరర్లు చెబుతారు. నేను చెప్పేది లెక్క సరిచూసుకోవడం గురించి.

తల్లిదండ్రుల కోసం రెండు మాటలు

ఒక పెద్ద వస్తువు బరువు కింద ఎంత వంగుతుందో, ఎక్కడ ఎక్కువ ఒత్తిడి పడుతుందో ఒకే సూత్రంతో కట్టడం సాధారణంగా కుదరదు. అందుకని దాన్ని చిన్న చిన్న ముక్కలుగా విడగొడతారు. ఆ ముక్కను ఎలిమెంట్ అంటారు. ముక్కల మూలల్లో ఉండే బిందువులు నోడ్లు. ముక్కలన్నీ కలిసిన వల మెష్. ఒక్కొక్క ముక్క ఎంత గట్టిగా ఉంటుందో లెక్కగట్టి, అన్నింటినీ కలిపి వేల, లక్షల సమీకరణాలుగా కంప్యూటర్ సాధిస్తుంది. ఈ పద్ధతికి ఫైనైట్ ఎలిమెంట్ అన్న పేరు 1960లో రే క్లఫ్ అనే అమెరికన్ ప్రొఫెసర్ పెట్టారు. విమానం రెక్క నుంచి కృత్రిమ మోకాలి కీలు వరకూ ఈ రోజు దీనితో పరీక్షించకుండా తయారయ్యే వస్తువులు తక్కువ. ఉద్యోగాలు ఉన్న రంగమే.

మొదట కొలతలు

బ్యాంకులో డాలర్లను, రూపాయలను ఒకే వరుసలో రాసి కూడితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి కొలమానాలు తెలియవు. మీరు ఇచ్చిన అంకెలు మాత్రమే తెలుసు. పొడవు మిల్లీమీటర్లలో, బలం న్యూటన్లలో ఇస్తే స్ట్రెస్ మెగాపాస్కల్లలో వస్తుంది. అంతవరకూ అందరికీ తెలుసు. ద్రవ్యరాశి మాత్రం అప్పుడు కిలోల్లో కాదు, టన్నుల్లో ఉండాలి. ఉక్కు సాంద్రత ఘనమీటరుకు 7850 కిలోలు అని పుస్తకంలో చూసి దాన్ని ఘనమిల్లీమీటరుకు కిలోల్లోకి మార్చి వేసేస్తారు. ఘనమిల్లీమీటరుకు టన్నుల్లో వేయాలి. అంటే దశాంశ బిందువు తర్వాత ఎనిమిది సున్నాలు పెట్టి 785 రాయాలి. పొరబడితే బరువు వెయ్యి రెట్లు పెరుగుతుంది. సహజ పౌనఃపున్యం, అంటే న్యాచురల్ ఫ్రీక్వెన్సీ, సుమారు 32వ వంతుకు పడిపోతుంది. సాఫ్ట్‌వేర్ చిన్న హెచ్చరిక కూడా ఇవ్వదు.

దీనికి సులువైన పరీక్ష ఉంది. బయటి బరువులన్నీ తీసేసి, గురుత్వాకర్షణ ఒక్కటే 9810 అని ఇచ్చి ఒకసారి రన్ చేయండి. ఆధారాల దగ్గర వచ్చే రియాక్షన్ల మొత్తం ఆ వస్తువు బరువుకు సమానం కావాలి. 1000 మి.మీ. పొడవు, 20 మి.మీ. వెడల్పు, 50 మి.మీ. లోతు ఉన్న ఉక్కు పట్టీ బరువు 7.85 కిలోలు, అంటే 77 న్యూటన్లు. తెర మీద 77,000 వచ్చిందంటే తప్పు ఎక్కడుందో వెంటనే తెలిసిపోతుంది. రెండు నిమిషాల పని.

చేతి లెక్క

అదే పట్టీని ఒక చివర గోడలో బిగించి, రెండో చివర 1000 న్యూటన్ల బరువు వేలాడదీశారనుకుందాం. రెండో సంవత్సరంలో చదివిన సూత్రమే సరిపోతుంది. ఇనర్షియా 2,08,333 వస్తుంది. ఉక్కుకు యంగ్స్ మాడ్యులస్ 2,00,000 తీసుకుంటే చివర వంపు 8 మి.మీ., గోడ దగ్గర స్ట్రెస్ 120 మెగాపాస్కల్లు. మీ ప్రాజెక్టు ఏదైనా సరే, ముందు ఈ పట్టీని మీ సాఫ్ట్‌వేర్లో కట్టి 8 తెప్పించండి. ఎనిమిది రాని చేతికి ఛాసిస్ అప్పగించకూడదు.

మొదటిసారి చాలామందికి ఎనిమిది రాదు. అయిదో, మూడో వస్తుంది. కారణం ఎలిమెంట్ రకం. మూలల్లో మాత్రమే నోడ్లు ఉండే సాదా ఎలిమెంట్ల అంచులు నిటారుగానే ఉంటాయి, వంగడం వాటికి రాదు. వంచబోతే లేని షియర్‌ను కల్పించుకుని బిగుసుకుపోతాయి. దీన్ని షియర్ లాకింగ్ అంటారు. లోతులో ఒకే ఒక వరుస ఎలిమెంట్లు పెట్టి, అవి పొడవుగా సాగి ఉంటే ఈ బిగువు మరీ ఎక్కువ. నాలుగు నోడ్ల టెట్రాహెడ్రన్ ఇందులో అందరికంటే మొండిది. మెష్ బటన్ నొక్కగానే కొన్ని సాఫ్ట్‌వేర్లు ఇచ్చేది దాన్నే. అంచుల మధ్యలో కూడా నోడ్లు ఉండే పది నోడ్ల టెట్రాహెడ్రన్‌కు మార్చుకోండి, సెట్టింగుల్లో సెకండ్ ఆర్డర్ అనో, క్వాడ్రాటిక్ అనో ఉంటుంది. ఎనిమిది నోడ్ల ఇటుక ఎలిమెంట్లలో లాకింగుకు విరుగుడు కొన్ని సాఫ్ట్‌వేర్లలో ముందే ఉంటుంది, కొన్నింటిలో మనం ఎంచుకోవాలి. మాన్యువల్ చూడండి. ఇంటిగ్రేషన్ బిందువు ఒక్కటే ఉండే రకం వాడితే మాత్రం వంగే లోతులో కనీసం నాలుగు వరుసలు ఉండాలి. లేకపోతే లాకింగుకు విరుద్ధంగా మరీ మెత్తబడి, మెష్ జిగ్‌జాగ్‌గా నలుగుతుంది.

ఒక అమ్మాయి ఇదంతా విని, "అయితే సాఫ్ట్‌వేర్ తప్పు చెబుతోందా?" అని అడిగింది. చెప్పడం లేదమ్మా, మనం వేసిన మెష్‌కు అదే సరైన జవాబు. మనకు కావలసింది పట్టీకి జవాబు.

మెష్ ఎంత సన్నగా ఉండాలి?

పిల్లలు అందరికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. "ఎలిమెంట్ సైజు ఎంత పెట్టమంటారు, అయిదా, మూడా?" అంటారు. అంకె ఎవరూ చెప్పలేరు. మెష్‌ను సన్నం చేస్తూ పోతే జవాబు ఎప్పుడు కదలడం మానేస్తుందో చూసి మనమే తేల్చుకోవాలి. దీనికే కన్వర్జెన్స్ అని పేరు.

మధ్యలో రంధ్రం ఉన్న రేకును తీసుకోండి. వెడల్పు 200 మి.మీ., రంధ్రం వ్యాసం 20 మి.మీ., రెండు వైపులా 100 మెగాపాస్కల్లతో లాగుతున్నాం. చాలా వెడల్పైన రేకుకు రంధ్రం అంచున స్ట్రెస్ మూడు రెట్లవుతుందని 1898లోనే కిర్ష్ అనే జర్మన్ ఇంజనీరు లెక్క కట్టారు. మన రేకు వెడల్పుకు సవరణ చేస్తే సుమారు 303 రావాలి. రేకు రెండు వైపులా ఒకేలా ఉంది కాబట్టి నాలుగో వంతు మాత్రం కట్టి, కోసిన అంచుల దగ్గర సిమ్మెట్రీ షరతు ఇస్తే చాలు. ముతక మెష్‌తో మొదలుపెట్టి, రంధ్రం చుట్టూ ఎలిమెంట్ సైజును సగం, మళ్లీ సగం చేస్తూ ప్రతిసారీ గరిష్ఠ స్ట్రెస్ రాసుకోండి. 240, 280, 297, 302 అని వచ్చిందనుకుందాం. చివరి రెండింటి తేడా రెండు శాతానికి లోపలే ఉంది. అక్కడ ఆగవచ్చు. ఈ నాలుగు అంకెల పట్టిక రిపోర్టులో ఉంటే, నా లెక్కలో పది రంగుల బొమ్మల కంటే విలువైనది.

సైజు సగం చేయమన్నాను గదా అని వస్తువు మొత్తానికీ చేయకండి. మూడు కొలతల్లోనూ సగమైతే ఎలిమెంట్లు ఎనిమిది రెట్లవుతాయి. లక్ష ఉన్నవి ఎనిమిది లక్షలు, ఆపైన అరవై నాలుగు లక్షలు. చక్రవడ్డీ కూడా ఇంత దారుణం కాదు. స్ట్రెస్ ఎక్కువగా మారే చోట, అంటే రంధ్రాల చుట్టూ, వంపు తిరిగే మూలల దగ్గర సన్నగానూ, మిగతా చోట ముతకగానూ ఉంచాలి. ముతక నుంచి సన్నానికి ఒక్కసారిగా దూకకుండా మెల్లగా మారాలి. వంపు తిరిగే మూల ఒకదానికి కనీసం అయిదారు ఎలిమెంట్లు వచ్చేలా చూసుకోండి.

మెష్ చాలిందో లేదో చెప్పే ఇంకో గుర్తు ఉంది. తెర మీద కనిపించే రంగులు నున్నగా ఉండటానికి కారణం, పక్కపక్క ఎలిమెంట్లు ఇచ్చిన వేరువేరు అంకెలను సాఫ్ట్‌వేర్ సగటు చేసి చూపించడం. ఆ సగటును ఆపేసి చూడండి, అన్‌యావరేజ్డ్ అని ఉంటుంది. పక్క ఎలిమెంట్లో 180, ఈ ఎలిమెంట్లో 260 అని గళ్ల దుప్పటిలా కనిపిస్తే అక్కడ మెష్ ఇంకా సన్నం కావాలి.

మెష్ విషయంలో అశ్రద్ధ ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఒక నిజమైన ఉదంతం ఉంది. నార్వే దేశంలో సముద్రం నుంచి గ్యాస్, చమురు తీయడానికి స్లైప్నర్ ఎ అనే వేదికను కట్టారు. 82 మీటర్ల లోతు నీటిలో నిలబడాల్సిన దాని అడుగుభాగం 24 కాంక్రీటు గదుల సముదాయం. 1991 ఆగస్టు 23న, పై డెక్కు అమర్చడానికి ముందు, స్టవాంగర్ నగరం దగ్గరి ఫియోర్డ్‌లో దాన్ని మెల్లగా నీటిలోకి దింపుతున్నారు. గోడ మీద నీరు సుమారు 65 మీటర్లు ఉండగా గోడ పగిలింది. మొత్తం నిర్మాణం అడుగుకు వెళ్లి ముక్కలైంది. ఆ తాకిడి భూకంప లేఖినుల మీద 3 తీవ్రతతో నమోదైంది. ప్రాణనష్టం జరగలేదు. డబ్బు నష్టం సుమారు 70 కోట్ల డాలర్లు.

విచారణలో తేలిన కారణాల్లో మొదటిది మెష్. గదులు కలిసే చోట ఎలిమెంట్లు ముతకగా, వంకరగా ఉండటంతో గోడల్లోని షియర్ స్ట్రెస్ 47 శాతం తక్కువగా లెక్కకు వచ్చింది. ఆ లెక్కను నమ్మి గోడ మందం నిర్ణయించారు. లోపల ఇనుప చువ్వల అమరిక కూడా చాలలేదు. తర్వాత జాగ్రత్తగా లెక్క వేసి చూస్తే, గోడ 62 మీటర్ల దగ్గరే పగలాలని వచ్చింది. నిజంగా పగిలింది 65 దగ్గర. అంటే అదే పద్ధతి, శ్రద్ధగా వాడితే, అంత దగ్గరగా చెప్పగలిగింది.

ఎంత సన్నం చేసినా ఆగని అంకె

కిందటేడు ఒక అబ్బాయి ఎల్ ఆకారపు బ్రాకెట్ ప్రాజెక్టు తెచ్చాడు. కన్వర్జెన్స్ పట్టిక కూడా వేశాడు, సంతోషించాను. కానీ లోపలి మూల దగ్గర స్ట్రెస్ సైజు తగ్గించిన కొద్దీ పెరుగుతూనే ఉంది, ఆగడం లేదు. నాలుగు రాత్రులు కూర్చున్నాడట. వాళ్ల నాన్నగారు కొత్త కంప్యూటర్ కొనాలా అని నన్ను ఫోన్లో అడిగారు.

కంప్యూటర్ తప్పేమీ లేదు. కత్తితో కోసినట్టు ఖచ్చితమైన లోపలి మూల దగ్గర సిద్ధాంత ప్రకారమే స్ట్రెస్ అనంతం. దీన్ని సింగులారిటీ అంటారు. మెష్ ఎంత సన్నమైతే ఆ అనంతానికి అంత దగ్గరగా వెళుతుంది. నిజమైన బ్రాకెట్‌కు ఆ మూలలో రెండు మూడు మిల్లీమీటర్ల గుండ్రం ఉంటుంది. గీసేటప్పుడు దాన్ని తీసేశాడు. గుండ్రం పెట్టి మళ్లీ రన్ చేస్తే మూడోసారికి అంకె నిలిచింది. ఒకే నోడ్ మీద బలం వేసినా, ఒకే నోడ్ దగ్గర బిగించినా ఇదే జరుగుతుంది. బలాన్ని కొంత వైశాల్యం మీద పరచండి. కుదరకపోతే, ఆ చోటు నుంచి వస్తువు మందమంత దూరం జరిగి స్ట్రెస్ చదవండి. సెయింట్ వెనాంట్ సూత్రం మీకు తెలిసిందే.

గీయడంలోని జాగ్రత్త దీనికి జతగా చెప్పాలి. బలం ప్రవహించే దారిలో లేని చిన్న రంధ్రాలు, మరల గాడులు, అచ్చుపోసిన కంపెనీ పేరు, ఇవన్నీ మెష్ చేసే ముందు తీసేయవచ్చు, తీసేయాలి కూడా. స్ట్రెస్ ఎక్కువగా ఉండే చోటి గుండ్రాలను మాత్రం ముట్టుకోకూడదు. పలుచని రేకులకు, అంటే మందం మిగతా కొలతల్లో పదో వంతు కంటే తక్కువ ఉన్నప్పుడు, షెల్ ఎలిమెంట్లు వాడితే పని తేలిక. షెల్‌ను ఘన ఎలిమెంట్‌కు అంచున ఊరికే కలిపితే ఆ అతుకు తలుపు బందులా తిరుగుతుంది. ఘన ఎలిమెంట్ నోడ్లకు తిరుగుడు లెక్క ఉండదు కాబట్టి అతుకును వేరే విధంగా కట్టాలి.

ఆధారాలు, బరువులు

ఫలితం తప్పడానికి మెష్ కంటే ఎక్కువసార్లు కారణమయ్యేది బిగింపు అని నా అభిప్రాయం. బోల్టు ఉన్న చోటల్లా "ఫిక్స్‌డ్" అని పెట్టేస్తారు. ఉక్కు బోల్టు కొంచెం సాగుతుంది, అది బిగించిన ప్లేటు కొంచెం వంగుతుంది. రెండు చివరలా పూర్తిగా బిగించిన దూలానికి, ఊరికే ఆనించిన దూలానికి మధ్యలో పడే బరువు కింద వంపు నాలుగు రెట్లు తేడా. నిజం ఆ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది. కాబట్టి రెండు విధాలుగానూ రన్ చేసి రెండు అంకెలూ రాయండి. ఇక బిగింపు చాలకపోతే వస్తువు మొత్తం గాలిలో కొట్టుకుపోతుంది. సాఫ్ట్‌వేర్ సింగులర్ మ్యాట్రిక్స్ అనో, పివట్ అనో ఎర్ర అక్షరాల్లో చెబుతుంది.

రన్ పూర్తికాగానే రియాక్షన్ల మొత్తం వేసిన బరువుకు సమానమో కాదో చూడండి. ఇది మా ట్రయల్ బ్యాలెన్స్ వంటిది. కలవకపోతే తప్పు ఉన్నట్టే. కానీ కలిసినంత మాత్రాన లెక్క సరైనదని కాదు, కామర్స్ పిల్లలకు ఇది మొదటి సంవత్సరంలోనే చెబుతారు. రామయ్య ఖాతాలో వేయాల్సిన సొమ్ము సోమయ్య ఖాతాలో వేసినా ట్రయల్ బ్యాలెన్స్ చక్కగా కలుస్తుంది. అలాగే బరువును పక్క ముఖం మీద వేసినా రియాక్షన్ల మొత్తం కలుస్తుంది. అందుకే దానితో పాటు వంగిన ఆకారాన్ని కదిలించి చూడాలి. కదలకూడని చోట కదులుతోందా? ఒక భాగం ఇంకోదానిలోంచి దూరిపోతోందా? చూసేటప్పుడు ఒక జాగ్రత్త, తెర మీద వంపును సాఫ్ట్‌వేర్ తనంతట తానే పదుల, వందల రెట్లు పెంచి చూపిస్తుంది. స్కేలు 1 పెట్టి ఒకసారి చూడండి.

చివరగా, మామూలు లీనియర్ రన్‌లో ఉక్కు ఎప్పటికీ లొంగదు. 250 దగ్గర సాగిపోవాల్సిన ఉక్కుకు 900 అని రాసి నింపాదిగా ఊరుకుంటుంది. ఆ 900 అసలు స్ట్రెస్ కాదు. "ఇక్కడ లీనియర్ లెక్క చెల్లదు" అన్న కబురు.

ఖర్చు గురించి

కొందరు తల్లిదండ్రులు ఈ సాఫ్ట్‌వేర్ కోర్సులకు వేలకు వేలు కట్టి, దానికి కూడా సహాయం కావాలని రాస్తున్నారు. బటన్లు ఎక్కడున్నాయో నేర్పే సర్టిఫికెట్ కోసం అప్పు చేయవద్దని నా సలహా. కాల్క్యులిక్స్, కోడ్ ఆస్టర్, మెష్ కోసం జీమెష్, బొమ్మ గీసి అక్కడే విశ్లేషించుకోవడానికి ఫ్రీక్యాడ్, ఇవన్నీ ఉచితం. కాల్క్యులిక్స్ ఇన్‌పుట్ ఫైలు అబాకస్ పద్ధతికి దగ్గరగా ఉంటుంది కాబట్టి తర్వాత కంపెనీలో పనికొస్తుంది. అన్సిస్ వారి విద్యార్థి వెర్షన్ కూడా ఉచితమే, మెష్ పరిమాణానికి పరిమితి ఉంటుంది. ఈ వ్యాసంలోని పట్టీ, రేకు ఆ పరిమితిలో సులభంగా ఇమిడిపోతాయి. సిద్ధాంతానికి ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఎన్‌పీటెల్‌లో ఉన్నాయి.

రిపోర్టు పంపే విద్యార్థులకు మనవి. బొమ్మల ముందు ఒక పేజీ కేటాయించండి. అందులో వాడిన కొలమానాలు, ఎలిమెంట్ రకం, కన్వర్జెన్స్ పట్టిక, రియాక్షన్ల మొత్తం, ఒక చేతి లెక్క ఉండాలి. చేతి లెక్కకూ కంప్యూటర్‌కూ ఇరవై శాతం తేడా వచ్చినా దాచకండి, ఎందుకు వచ్చి ఉంటుందో రెండు వాక్యాల్లో రాయండి. ఇంటర్వ్యూలో నేను మొదట తెరిచేది ఆ పేజీనే. దాన్ని టైపు చేయించనవసరం లేదు, చేతిరాతతో ఉన్నా తీసుకుంటాము.